సంతకం పెట్టింది నేనే, తప్పు నాదేనా?

"మేడమ్ గారికి నమస్తే. మాది రేగొండ దిక్కు ఒక ఊరు. మూడెకరాల పత్తి, ఎకరం పొలం ఉన్నది. మా బాపుకు 58 ఏండ్లు. మూడు నెలల కింద కడుపునొప్పి లేస్తే ఊర్లె ఆర్ఎంపీ మూడు రోజులు సూదులిచ్చిండు. నాలుగో రోజు కడుపు ఉబ్బి రాయి లెక్క అయ్యింది. వరంగల్ల ఎంజీఎం సర్కారు దవాఖానకు పోదామంటే, 'అక్కడ ఎవరు పట్టించుకుంటరు, నాకు తెలిసిన దవాఖాన ఉన్నది' అని ఆర్ఎంపీయే హనుమకొండల ఒక ప్రైవేటు దవాఖానకు తోలుకపోయిండు. పేగుకు రంధ్రం పడ్డదన్నరు. ఆరోగ్యశ్రీ వస్తదని కార్డు తీసుకున్నరు. ఆపరేషన్ అయినంక అది సరిపోదని లక్షా 40 వేలు నగదు కట్టించుకున్నరు. ఆపరేషన్‌కు ముందు నాతోని ఎనిమిది కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నరు. రెండిట్ల ఏం రాసి లేదు.

ఆరో రోజు పొద్దుగాల ఐదు గంటలకు బాపు పోయిండు. ఇంక 92 వేలు కడితేనే శవం ఇస్తమన్నరు. నా భార్య పుస్తెలతాడు కుదువపెట్టి పైసలు తెచ్చేసరికి సాయంత్రం నాలుగైంది. అవ్వ పొద్దంత మెట్ల మీదనే కూసున్నది. మొత్తం 2 లక్షల 32 వేలు కట్టినం, రసీదులు 60 వేలకే ఇచ్చిండ్రు. దినాలైనంక కేస్ షీట్ అడగవోతే 'డెత్ సమ్మరీ ఇచ్చినం గద, ఇంకేం ఉండది' అన్నరు. 'హై రిస్క్ అని రాసిన కాగితం మీద నువ్వే సంతకం పెట్టినవు, మాదేం బాధ్యత' అన్నరు. మొన్న ఆరోగ్యశ్రీ నుంచి ఫోన్ చేసి ఆపరేషన్ పైసలు లేకుండ చేసిండ్రా అని అడిగిండ్రు. నోట మాట రాక పెట్టేసిన. మా బామ్మర్దులు యాభై మందిమి పోయి దవాఖాన ముందట కూసుందమంటున్నరు. ఒక పెద్దమనిషేమో మూడు లక్షలు ఇప్పిస్త, అందుల లక్ష నాకు, కేసు పెట్టనని రాసియ్యాలె అంటున్నడు. రాత్రిపూట నిద్ర వడ్తలేదు. సంతకం పెట్టి బాపును నేనే పంపిన్నా? దారి చెప్పుండ్రి."

భూపాలపల్లి జిల్లా నుంచి ఒక పాఠకుడు

తమ్ముడూ,

మీరు అడిగినవి చాలా ఉన్నాయి. డబ్బులు, కేస్ షీట్, ధర్నా, రాజీ. కానీ మిమ్మల్ని నిద్రపోనివ్వనిది ఆఖరున రాసిన ఆ ఒక్క ప్రశ్నే. అందుకని దాంతోనే మొదలుపెడతాను. లేదు. మీ సంతకం మీ బాపును చంపలేదు.

నేను 30 ఏళ్ళకు పైగా నర్సుగా పనిచేశాను. థియేటర్ తలుపు దగ్గర కాగితాలు పట్టుకుని "ఇక్కడ పెట్టు, ఇక్కడ పెట్టు" అని వేలుతో చూపించిన వాళ్ళలో నేనూ ఉన్నాను. లోపల తండ్రి మూలుగుతుంటే బయట ఏ కొడుకు కాగితం చదువుతాడు? పేగుకు రంధ్రం పడితే లోపలి మురికి కడుపంతా పాకుతుంది. ఆపరేషన్ తప్ప దానికి మందు లేదు, గంట గంటకూ మనిషి చేజారిపోతుంటాడు. మీరు సంతకం పెట్టకుండా ఇంటికి ఫోన్ చేసి నలుగురినీ అడుగుతూ కూర్చుని ఉంటే ఆ ఆలస్యమే ఆయనకు చేటయ్యేది. ఆ రాత్రి కొడుకు చేయాల్సిన పనే మీరు చేశారు.

"నువ్వే సంతకం పెట్టినవు" అని వాళ్ళు అన్నమాట మీద మాత్రం నాకు చాలా కోపం వచ్చింది. ఆ మాట చట్టం ముందు నిలవదు. హై రిస్క్ కాగితం అంటే, ఈ వైద్యంలో ప్రాణాపాయం ఉందని మాకు చెప్పారు, తెలిసే ఒప్పుకున్నాం అని. అంతవరకే. అజాగ్రత్తగా చేసినా మేం అడగం అని దానికి అర్థం లేదు. సమ్మతి ఎలా ఉండాలో సుప్రీంకోర్టు 2008లోనే ఒక తీర్పులో విడమరిచి చెప్పింది. జబ్బేమిటి, చేయబోయేదేమిటి, అందులో ప్రమాదమెంత, వేరే దారి ఉందా, చేయించుకోకపోతే ఏమవుతుంది, ఇవన్నీ అర్థమయ్యే మాటల్లో చెప్పాక పెట్టిందే సంతకం. ఖాళీ కాగితం మీద తీసుకున్న సంతకాన్ని సమ్మతి అనరు. ఇంకో సంగతి కూడా ఉంది. మీ బాపు అప్పుడు తెలివిలో ఉండి, మాట్లాడగలిగే స్థితిలో ఉంటే ముందు అడగాల్సింది ఆయన్ను, సంతకం తీసుకోవాల్సిందీ ఆయనదే. ఆయనతో ఎవరైనా ఒక్క మాట చెప్పారా? గుర్తు చేసుకుని రాసిపెట్టుకోండి.

ఇక శవాన్ని ఆపడం. బిల్లు అనేది అప్పు. అప్పు వసూలు చేసుకోవడానికి ఆస్పత్రికి సివిల్ కోర్టు ఉంది. మనిషిని గానీ శవాన్ని గానీ తాకట్టు పెట్టుకునే హక్కు ఏ ఆస్పత్రికీ లేదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రాన్ని 2018లో కేంద్ర ఆరోగ్య శాఖ బయటపెట్టింది. డబ్బు గొడవ ఉన్నా సరే డిశ్చార్జి చేయించుకునే హక్కు, శవాన్ని తీసుకెళ్ళే హక్కు అందులో స్పష్టంగా ఉన్నాయి. బిల్లు కోసం రోగిని బందీగా పెట్టుకోకూడదని 2017లో ఢిల్లీ హైకోర్టు కూడా చెప్పింది. ఆ పొద్దున మీకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే 112కు ఫోన్ చేసి పోలీసులను పిలిపించేవారు, కలెక్టర్ ఆఫీసుకు ఒక మనిషిని పంపేవారు. ఈ ఉత్తరం చదివే మిగతా వాళ్ళ కోసం రాస్తున్నాను, ఈ మాట మీ ఇళ్ళల్లో చెప్పి ఉంచండి. శవం ఎదురుగా పెట్టుకుని ఎవరికీ చట్టం గుర్తురాదు. ముందే తెలిసి ఉండాలి.

మిమ్మల్ని కన్న అవ్వ పొద్దున ఐదు నుంచి సాయంత్రం నాలుగు దాకా ఆ మెట్ల మీద కూర్చున్నది. పదకొండు గంటలు. చికిత్సలో తప్పు జరిగిందో లేదో ఇంకా తేలాలి, కానీ ఈ పదకొండు గంటలు తప్పని తేల్చడానికి ఏ డాక్టరూ అక్కర్లేదు. అందుకని మీ గోడును మూడు ముక్కలుగా విడదీసుకోండి. శవాన్ని ఆపడం ఒకటి, ఆరోగ్యశ్రీ కింద చేస్తామని డబ్బు గుంజడం ఒకటి, బాపు ఎందుకు పోయాడన్నది ఒకటి. మొదటి రెండూ మీకు ఇప్పటికే తెలుసు. మూడోది మీకూ తెలియదు, నాకూ తెలియదు. మూడింటినీ ఒకే ముద్ద చేసి "నా తండ్రిని చంపిన్రు" అని పోతే, ఆఖరిదాన్ని రుజువు చేయలేక మొదటి రెండూ కూడా పోగొట్టుకుంటారు. ఇలా చేజార్చుకున్న కుటుంబాలను నేను చూశాను.

మూడోది తెలియాలంటే కేస్ షీట్ కావాలి. డెత్ సమ్మరీ వేరు, కేస్ షీట్ వేరు. సమ్మరీ అంటే మనిషి పోయాక ఒకరు కూర్చుని రాసిన ఒకటి రెండు పేజీలు. కేస్ షీట్ అంటే ఆ ఆరు రోజులూ గంట గంటకూ పేరుకున్న కాగితాల కట్ట. వైద్యుల వృత్తి నియమావళి 2002లో వచ్చింది. రోగిగానీ అతని తరఫు మనిషిగానీ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని, చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్ళు వాటిని భద్రపరచాలని అందులో ఉంది. జిరాక్స్ ఖర్చు అడిగితే ఇవ్వండి. ఇవ్వం అనడానికి మాత్రం వాళ్ళకు వీల్లేదు.

నోటితో అడిగితే నోటితోనే తోసేస్తారు. తెల్ల కాగితం మీద రాయండి. బాపు పేరు, వయసు, చేరిన తేదీ, పోయిన తేదీ, ఐపీ నంబర్ (ఆస్పత్రిలో చేర్చుకున్నప్పుడు వేసే నంబర్) పైన వేయండి. ఐపీ నంబర్ ఎక్కడుందో తెలియకపోతే మెడికల్ షాపు బిల్లుల మీద చూడండి, మందుల బిల్లుల మీద చాలాసార్లు పడి ఉంటుంది. కేస్ షీట్ మొత్తం కావాలి అని ఊరుకోకుండా ఏమేం కావాలో పేరు పేరునా రాయాలి. చేర్చుకున్నప్పుడు రాసిన నోట్స్, సమ్మతి పత్రాలన్నీ, మత్తు డాక్టర్ రికార్డు, ఆపరేషన్ నోట్స్, ఐసీయూ చార్టులు, డాక్టర్లు రాసిన ఆర్డర్లు, నర్సుల నోట్స్, రక్త పరీక్షల రిపోర్టులు, ఎక్స్‌రే, స్కాన్ ఫిల్ములు, ఏ రోజు దేనికి ఎంత వేశారో విడివిడిగా చూపే బిల్లు. రెండు కాపీలు తీసుకుని, ఒకదాని మీద ముద్ర వేసి అందినట్టు సంతకం పెట్టమనండి. పెట్టకపోతే గొడవ పడకుండా బయటికొచ్చి, అందినట్టు రుజువు వచ్చేలా పోస్టులో పంపండి. కొడుకే కాబట్టి అడిగే హక్కు మీకుంది, మీ అవ్వ పేరు కూడా కలిపితే ఇంకా మంచిది. ఇదే ఈ వారంలో చేయాల్సిన మొదటి పని, ఒక్కరోజు కూడా ఆపకండి.

ఎందుకు ఇంత తొందరపెడుతున్నానో చెప్పాలి. ప్రభుత్వ ఉద్యోగం రాకముందు నేను రెండేళ్ళు ఒక నర్సింగ్ హోమ్‌లో పనిచేశాను. అప్పుడు నాకు 22 ఏళ్ళు. కాన్పు అయిన ఒక తల్లికి రాత్రి రక్తస్రావం ఆగలేదు. డ్యూటీ డాక్టర్‌కు ఫోన్ చేశాను, చేసిన టైము నోట్స్‌లో రాశాను. ఆయన వచ్చేసరికి గంటన్నర అయ్యింది. ఆ తల్లి బతకలేదు. మర్నాడు మేనేజ్‌మెంట్ మనిషి పిలిచి ఆ పేజీ తీసేసి కొత్త పేజీ నాతోనే రాయించాడు. రాశాను. ఉద్యోగం పోతుందని భయపడి రాశాను. ఆమె మొగుడు పదిహేను రోజుల తర్వాత కాగితాలు అడగడానికి వచ్చాడు, అప్పటికే అందులో నిజం లేదు. ఆయన ముఖం ఇప్పటికీ నాకు కనిపిస్తుంది. రిటైరయ్యాక అడిగిన వాళ్ళందరికీ కేస్ షీట్లు చదివిపెడుతున్నది అందుకే.

నర్సుల నోట్స్ గట్టిగా అడగమన్నదీ అందుకే. డాక్టర్ రోజుకు రెండుసార్లు వచ్చి నాలుగు లైన్లు రాస్తాడు. రాత్రంతా మంచం పక్కన ఉండేది నర్సు. నాడి ఎంత, బీపీ ఎంత, జ్వరం ఎంత, మూత్రం ఎంత వచ్చింది, కడుపుకు పెట్టిన గొట్టంలోంచి ఏం వచ్చింది, ఎన్ని గంటలకు డాక్టర్‌కు చెప్పాం, ఎన్ని గంటలకు వచ్చాడు, అన్నీ అక్కడ ఉంటాయి. పేగు ఆపరేషన్ అయిన మనిషికి నాడి పెరుగుతూ, బీపీ పడుతూ, మూత్రం తగ్గుతూ వస్తే ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకుతోందని అనుమానించాలి. ఆ గుర్తులు ఎప్పుడు మొదలయ్యాయి, వాటిని చూసి ఎవరు ఏం చేశారు అన్నదే మీ కేసులో అసలు ప్రశ్న. మూడు షిఫ్టుల్లో ముగ్గురు రాయాల్సిన పేజీలన్నీ ఒకే చేతిరాతలో, ఒకే సిరాతో ఉంటే అదీ ఒక సాక్ష్యమే. ఇవ్వకుండా దాచుకున్నా సాక్ష్యమే. రికార్డులు చూపించని ఆస్పత్రిని వినియోగదారుల కమిషన్లు ఆ కారణంగానే తప్పుపట్టడం ఉంది.

ఇప్పుడు చెప్పబోయేది మీకు కష్టంగా ఉంటుంది. కేస్ షీట్ చదివాక అందులో డాక్టర్ తప్పు కనిపించకపోవచ్చు కూడా. పేగు రంధ్రంతో ఆలస్యంగా వచ్చిన మనిషి, ఎంత బాగా ఆపరేషన్ చేసినా, ఒక్కోసారి దక్కడు. మీ బాపు నాలుగో రోజు వచ్చాడు. ఆ మూడు రోజులు ఇచ్చిన సూదులు నొప్పి తగ్గించేవే అయి ఉంటాయని నా అనుమానం. కడుపులో పుండు ఉన్నవాళ్ళకు కొన్ని రకాల నొప్పి మందులు మరింత చేటు చేస్తాయి, రంధ్రం పడేదాకా తెస్తాయి. పైగా నొప్పిని కప్పిపెట్టి టైము పోగొడతాయి. ఏ సూది ఇచ్చాడో ఆర్ఎంపీని అడిగి, ఖాళీ సీసాలు గానీ చీటీ గానీ ఇంట్లో ఉంటే దాచండి. మిమ్మల్ని మీరు నిందించుకోవడానికి కాదు ఇది చెబుతున్నది. ఊళ్ళో రాత్రిపూట తలుపు తడితే పలికేది ఆ ఒక్క మనిషే అయినప్పుడు ఎవరైనా ఆయన దగ్గరికే పోతారు. కానీ మీ బాపు ప్రాణం ఎక్కడ చేజారిందో తెలుసుకోవాలంటే ఆ మూడు రోజులనూ లెక్కలోకి తీసుకోవాలి. కాగితాలు వచ్చాక, ఆ ఆస్పత్రితో సంబంధం లేని ఒక జనరల్ సర్జన్‌కు చూపించి అభిప్రాయం తీసుకోండి. డాక్టర్ మీద డాక్టర్ చెప్పడు అని మీవాళ్ళు అంటారు. రాతపూర్వకంగా ఇవ్వడానికి వెనకాడేవాళ్ళు ఉన్న మాట నిజమే. అయినా ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని, తప్పు కళ్ళకు కట్టినట్టు కనబడుతుంటే వినియోగదారుల కమిషన్ తానే నిర్ణయించవచ్చని సుప్రీంకోర్టు 2010లో చెప్పింది. అది హైదరాబాద్ ఆస్పత్రి మీద ఒక భర్త వేసిన కేసు. ఆయన భార్యకు మలేరియా అయితే టైఫాయిడ్‌కు వైద్యం చేశారు.

ఇదే ఆర్ఎంపీ ఎంజీఎం వద్దని మిమ్మల్ని తోలుకుపోవడం గురించి ఒక మాట. పేషెంట్‌ను పంపినందుకు కమిషన్ ఇవ్వడం, తీసుకోవడం అదే 2002 నియమావళి ప్రకారం డాక్టర్‌కు నిషిద్ధం. మీ విషయంలో డబ్బు చేతులు మారిందని నేను అనడం లేదు, నాకు రుజువు లేదు. కానీ పత్తి చేలల్లో కూలి చేసుకునే కుటుంబాలు, ఆదిలాబాద్ నుంచి ఖమ్మం దాకా, దశాబ్దాలుగా ఎంజీఎం తలుపు తట్టి బతికాయి. అక్కడ మంచాలు చాలకపోవడం నిజం, నిలబడి ఎదురుచూడాల్సి రావడం నిజం. రాత్రీ పగలూ సర్జన్లు ఉండటం కూడా నిజం. ప్రాణం మీదికొచ్చినప్పుడు ఎవరు వద్దన్నా ముందు అక్కడికి పోండి.

డబ్బు సంగతికి వస్తాను. ఆరోగ్యశ్రీ నుంచి వచ్చిన ఆ ఫోన్‌ను మీరు గమనించినట్టు లేదు. ఆపరేషన్ ఉచితంగా చేశారా అని వాళ్ళు అడిగారంటే, మీ బాపు పేరు మీద ఆస్పత్రి ఆరోగ్యశ్రీలో కేసు నమోదు చేసి ఉంటుంది. అంటే ఒకవైపు ప్రభుత్వం దగ్గర అడుగుతూ, ఇంకోవైపు మీ దగ్గర లక్షా 40 వేలు నగదు తీసుకున్నారన్నమాట. ఆరోగ్యశ్రీ ప్యాకేజీలో ఆపరేషన్, పరీక్షలు, మందులు, భోజనం అన్నీ కలిసే ఉంటాయి. కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా పరిమితి 2023 డిసెంబరు నుంచే ఉంది. ప్యాకేజీ కింద చేస్తూ పైన రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. కాబట్టి 104కు మీరే ఫోన్ చేయండి. మొన్న సరిగా చెప్పలేకపోయాను, ఇప్పుడు చెబుతున్నాను అనండి. ఫిర్యాదు నంబర్ అడిగి రాసుకోండి. తర్వాత ఆరోగ్యశ్రీ ట్రస్టుకు రాతపూర్వకంగా పంపండి. క్లెయిమ్ ఏ తేదీన పెట్టారు, ఎంతకు పెట్టారు అన్నది వాళ్ళ దగ్గర ఉంటుంది. అది మీకు సమాచార హక్కు కింద కూడా అడిగే వీలుంది, ఎందుకంటే ట్రస్టు ప్రభుత్వానిదే.

రసీదు లేని డబ్బుకు సాక్ష్యం ఎక్కడిది అంటారేమో. బంగారం కుదువపెట్టిన చీటీ మీద తేదీ ఉంటుంది. మీ బాపు పోయిన రోజే, 92 వేల దగ్గరదగ్గర తీసుకున్నట్టు ఆ చీటీలో ఉంటే అంతకంటే ఏం కావాలి? బ్యాంకులో, ఏటీఎంలో తీసినవి, ఫోన్‌పేలో చుట్టాలు పంపినవి, మిత్తికి ఇచ్చిన మనిషి మాట, అన్నీ తేదీల వారీగా ఒక కాగితం మీద వరుసగా రాయండి. ఆ ఆరు రోజుల లెక్కకు పక్కనే ఆస్పత్రిలో ఏ రోజు ఏం జరిగిందో రాస్తే రెండూ ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకుంటాయి.

ఇవే విషయాలు హనుమకొండ జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారికి కూడా ఇవ్వండి. మీది భూపాలపల్లి జిల్లా అయినా ఆస్పత్రి ఉన్న జిల్లా అధికారికే ఇవ్వాలి. 2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం మన రాష్ట్రంలో అమల్లో ఉంది. ఆస్పత్రులకు రిజిస్ట్రేషన్ ఇచ్చే జిల్లా అథారిటీకి కలెక్టర్ అధ్యక్షుడు, ఈ అధికారి కన్వీనర్. ఏ సేవకు ఎంత తీసుకుంటారో స్థానిక భాషలో కూడా కనబడేలా రాసి పెట్టాలని ఆ చట్టం కింద నియమం. మీరు ఆ ఆస్పత్రి గోడ మీద ధరల పట్టిక తెలుగులో చూశారా? చూడకపోతే అది కూడా రాయండి. సోమవారం ప్రజావాణిలో కలెక్టర్ చేతికి ఇస్తే రసీదు దొరుకుతుంది.

మీ బామ్మర్దుల కోపం నాకు అర్థమవుతుంది. కానీ యాభై మంది పోవద్దని మీరే కాళ్ళు పట్టుకునైనా ఆపండి. ఆస్పత్రుల మీద, సిబ్బంది మీద దాడి చేస్తే మూడేళ్ళ దాకా జైలు, 50 వేల దాకా జరిమానా వేసే చట్టం 2008 నుంచి ఉంది. అది బెయిల్ సులభంగా దొరకని నేరం. ఒక్క అద్దం పగిలితే చాలు, ఆ రోజు నుంచి కేసు వాళ్ళది, నిందితులు మీరు. అదీ కాక అక్కడ మీవాళ్ళకు మొదట ఎదురయ్యేది ఎవరనుకుంటున్నారు? యజమాని కాదు. కౌంటర్లో కూర్చున్న పిల్ల, వార్డులో ఉన్న నర్సు. ములుగు నుంచో మహబూబాబాద్ నుంచో వచ్చి చిన్న జీతానికి రాత్రి డ్యూటీలు చేసే ఆడపిల్లలు వాళ్ళు. మీ బాపు శవం ఆపమని చెప్పింది వాళ్ళు కాదు. రేపు కమిషన్ ముందు నిజం చెప్పాల్సి వస్తే చెప్పగలిగేది కూడా వాళ్ళే.

ఆ పెద్దమనిషికి మాత్రం ఇప్పుడే వద్దని చెప్పండి. రాజీ తప్పని నేను అనను. ఇంట్లో అప్పుకు మిత్తి పెరుగుతుంటే ఏళ్ళ తరబడి తిరగడం ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ కేస్ షీట్ చదవకముందే "కేసు పెట్టను" అని రాసివ్వడం ఇంకో ఖాళీ కాగితం మీద సంతకం పెట్టడమే. అందులోనూ మీ తండ్రి చావులోంచి మూడో వంతు అతనికి ఎందుకు? రాజీ కావాలనుకుంటే దానికి సరైన చోట్లు ఉన్నాయి. వినియోగదారుల కమిషన్లో కేసు వేశాక రెండు వర్గాలూ ఒప్పుకుంటే మధ్యవర్తిత్వానికి పంపే వీలు 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే ఉంది. హనుమకొండ అదాలత్ దగ్గర కోర్టు ప్రాంగణంలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడిగినా చెబుతారు. అక్కడ కుదిరిన మాటకు లెక్క ఉంటుంది, వాటాదారులు ఉండరు.

పోలీసు కేసు గురించి మీరు అడగలేదు కానీ ఎవరో ఒకరు చెబుతారు కాబట్టి రాస్తున్నాను. వైద్యుడి మీద క్రిమినల్ కేసు నిలబడాలంటే మామూలు పొరపాటు చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలని, ముందు వేరే వైద్యుడి అభిప్రాయం తీసుకోవాలని సుప్రీంకోర్టు 2005లో చెప్పింది. పోస్టుమార్టం కాలేదు, దహనం అయిపోయింది. ఇప్పుడు ఆ దారిన పోతే మీ బలమంతా అక్కడే ఖర్చవుతుంది. కేస్ షీట్‌లో ఘోరం కనబడితే అప్పుడు ఆలోచిద్దాం. డాక్టర్ నడవడి మీద తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు, రికార్డులు ఇవ్వకపోవడం దానికి సరిపోయే కారణమే. కౌన్సిల్ రిజిస్ట్రేషన్ మీద చర్య తీసుకోగలదు, డబ్బు ఇప్పించలేదు.

డబ్బు, పరిహారం ఇప్పించేది వినియోగదారుల కమిషన్. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995 నుంచీ ఉన్నమాట. సంఘటన జరిగిన రెండేళ్ళలోపు వేయాలి, మీకు ఇంకా చాలా టైముంది. మీరు ఉండే జిల్లాను చూసే కమిషన్‌లోనైనా వేయవచ్చు, హనుమకొండలోనైనా వేయవచ్చు. చెల్లించిన డబ్బు 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. వకీలు లేకుండా మీరే మాట్లాడుకోవచ్చు, కానీ వైద్యం కేసులో వకీలు ఉంటే మేలు. ఫిర్యాదు మీ అవ్వ పేరు మీద వేయండి. ఆడవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇచ్చే ఏర్పాటు న్యాయ సేవాధికార సంస్థలో ఉంది, 15100కు ఫోన్ చేస్తే చెబుతారు.

ఇంకొక్కటి, మీ ఉత్తరంలో ఎక్కడా కనబడలేదు కాబట్టి అడుగుతున్నాను. మీ బాపుకు 58 ఏళ్ళు, ఆయన పేరు మీద భూమి ఉండి ఉంటుంది. రైతు బీమాకు పెట్టారా? 18 నుంచి 59 ఏళ్ళ మధ్య ఉన్న పట్టాదారు అందులో నమోదై ఉండి ఏ కారణంతో పోయినా నామినీకి 5 లక్షలు వస్తాయి. మూడు నెలలైంది అంటున్నారు, రేపే మీ క్లస్టర్ వ్యవసాయ విస్తరణాధికారిని కలవండి. డెత్ సర్టిఫికెట్, బాపు ఆధార్, పట్టా పాసుపుస్తకం, అవ్వ నామినీ అయితే ఆమె ఆధార్, బ్యాంకు పుస్తకం తీసుకెళ్ళండి. మీ భార్య పుస్తెలతాడు విడిపించడానికి ఇదే దగ్గరి దారి. ఎవరికీ వాటా ఇవ్వక్కర్లేని డబ్బు. మరణానికి కారణం రాసిన ధ్రువపత్రం కాపీ దగ్గరి బంధువుకు ఇవ్వాలని 2023 సవరణ తర్వాత జనన మరణాల నమోదు చట్టంలో ఉంది. మీకు ఇవ్వకపోయి ఉంటే కేస్ షీట్ అడిగే కాగితంలో ఆ లైను కూడా కలపండి.

కాగితాలు వచ్చాక ఐదో రోజు రాత్రి పేజీలు ముందు తీయండి. ఫోటోలు పంపితే నేను చదివి, అందులో ఏముందో, ఏం లేదో ఉన్నదున్నట్టు రాస్తాను. మీకు నచ్చేది కాకపోయినా రాస్తాను. ఈలోగా ఒక సాయంత్రం మీ అవ్వ పక్కన కూర్చుని, ఆ రోజు మెట్ల మీద ఉన్న పదకొండు గంటల్లో ఎవరొచ్చారు, ఎవరేమన్నారు, నీళ్ళు ఎవరిచ్చారు, లోపలికి పోయి బాపును చూస్తానంటే ఎవరాపారు, ఆమె చెప్పినట్టే ఆమె మాటల్లోనే రాసుకోండి. దిద్దకండి. ఆ కాగితం కింద ఆమె వేలిముద్ర వేసినా, సంతకం పెట్టినా, ముందు మొత్తం ఆమెకు చదివి వినిపించి పెట్టించండి.